వాటా, పోషణ: మార్కమ్‌లో వారసత్వమూ వైకల్య భృతీ

పదమూడవ శతాబ్దిలో కేతన తెనిగించిన విజ్ఞానేశ్వరీయానికి మూలం మితాక్షర. మితాక్షర యాజ్ఞవల్క్య స్మృతికి వ్యాఖ్య. ఆ స్మృతిలోని దాయవిభాగ ప్రకరణంలో ఒక నియమం కనిపిస్తుంది. అంధులు, కుంటివారు, మతిస్థిమితం లేనివారు, నయం కాని రోగంతో బాధపడేవారు మొదలైనవారికి పైతృక ఆస్తిలో వాటా లేదు; అయితే వారిని జీవితాంతం పోషించవలసిన బాధ్యత వాటా పొందినవారిది. శతాబ్దాల తరబడి హిందూ కుటుంబాల ఆస్తి పంపకాలను శాసించిన ఈ నియమాన్ని 1928 నాటి చట్టం చాలావరకు సడలించింది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షను పూర్తిగా తొలగించింది. రోగం, లోపం, అంగవైకల్యం కారణంగా ఎవరూ వారసత్వానికి అనర్హులు కారని ఆ సెక్షను చెబుతుంది.

ఈ హక్కు సాధించుకున్న సమాజం నుండి కెనడాకు వలస వెళ్ళిన కుటుంబాలకు అక్కడి సంక్షేమ చట్టం ఒక చిత్రమైన చిక్కు తెచ్చిపెడుతోంది. టొరంటోకు ఉత్తరాన, యార్క్ రీజియన్‌లో ఉన్న మార్కమ్ నగరంలో తల్లిదండ్రులు తమ ఇంటిని, పొదుపును పిల్లలందరికీ సమానంగా పంచుతూ వీలునామా రాశారనుకుందాం. వారి పిల్లల్లో ఒకరు వైకల్య భృతి మీద ఆధారపడి జీవిస్తున్నట్లయితే, ఆ సమాన వాటాయే భృతిని ఆపివేయగలదు. అదే వాటా అందుకున్న మరొక వైకల్యం గల వ్యక్తికి ఒక్క డాలరు కూడా తగ్గకపోవచ్చు. తేడా వైకల్యంలో లేదు. వారందుకునే భృతి ఏ రకానిదన్న దానిలో ఉంది.

రెండు భృతులు, రెండు తర్కాలు

ఆంటారియో రాష్ట్రంలో వైకల్యం గల పెద్దలకు ప్రధానంగా రెండు ప్రభుత్వ ఆధారాలున్నాయి. మొదటిది ఆంటారియో డిసెబిలిటీ సపోర్ట్ ప్రోగ్రామ్. అందరూ ఓడీఎస్‌పీ అనే ఈ పథకానికి ఆధారం 1997లో చేసిన రాష్ట్ర చట్టం. రెండవది కెనడా పెన్షన్ ప్లాన్‌లో భాగమైన వైకల్య పింఛను, అంటే సీపీపీ వైకల్య పింఛను. సీపీపీకి 1966లో చందాల వసూలు మొదలైంది.

సీపీపీ ఒక సామాజిక బీమా. ఉద్యోగి జీతం నుండి కొంత, యజమాని నుండి అంతే మొత్తం ప్రతి నెలా జమ అవుతాయి. అరవై అయిదేళ్ళ లోపు వయసులో, తీవ్రమైన, దీర్ఘకాలికమైన వైకల్యం వల్ల ఏ ఉద్యోగమూ క్రమంగా చేయలేని స్థితి వస్తే ఈ పింఛను లభిస్తుంది. దానికి గడచిన ఆరేళ్ళలో కనీసం నాలుగేళ్ళు చందా కట్టి ఉండాలి. మొత్తం మీద 25 ఏళ్ళు కట్టినవారికి ఆరేళ్ళలో మూడేళ్ళు చాలు. 2025లో దీని గరిష్ఠ పరిమితి నెలకు 1,673.24 డాలర్లు. 2015 ఆగస్టు 1 నుండి అమలులో ఉన్న భారత–కెనడా సామాజిక భద్రతా ఒప్పందం వల్ల, భారతదేశంలో పింఛను పథకానికి చందా కట్టిన కాలాన్ని కూడా అర్హత లెక్కలో కలుపుకొనే వీలుంది. పింఛను పొందేవారి బ్యాంకు ఖాతాలో ఎంత ఉంది, తండ్రి ఎంత ఆస్తి వదిలాడు అన్న ప్రశ్నలు ఈ పథకంలో తలెత్తవు. ఇల్లు కాలినవాడికి బీమా సొమ్ము ఇచ్చేటప్పుడు అతనికి మరో ఇల్లుందా అని బీమా సంస్థ అడగదు కదా! ఉద్యోగం ద్వారా వచ్చే దీర్ఘకాలిక వైకల్య బీమాకు కూడా సాధారణంగా ఇదే తర్కం వర్తిస్తుంది.

ఓడీఎస్‌పీ అవసరాన్ని చూసి ఇచ్చే సాయం. చందా కట్టనక్కరలేదు, అందుకే పుట్టుకతో వైకల్యం ఉండి ఎన్నడూ ఉద్యోగం చేయలేని వారికి ఇదే దిక్కు. అయితే దరఖాస్తు రోజునే కాక, భృతి అందుకుంటున్నంత కాలమూ ఆదాయాన్ని, ఆస్తిని చూపుతూనే ఉండాలి. 2024 జూలైలో ఒంటరి వ్యక్తికి దీని గరిష్ఠ మొత్తం నెలకు 1,368 డాలర్లుగా ఉండేది; ఇది ఏటా ధరల పెరుగుదలను బట్టి సవరించబడుతోంది. నగదుతో పాటు మందులు, పళ్ళ వైద్యం, కళ్ళద్దాల ఖర్చు కూడా ఈ పథకమే భరిస్తుంది. ఖరీదైన మందులు వాడేవారికి ఈ రెండో భాగమే నగదు కన్నా విలువైనది.

ఈ రెండూ ఒకే వ్యక్తికి రావచ్చు. అప్పుడు సీపీపీ పింఛనును ఓడీఎస్‌పీ నుండి డాలరుకు డాలరు చొప్పున తగ్గిస్తారు. 2024 జూలై నాటి మొత్తం ప్రకారం, నెలకు 900 డాలర్ల పింఛను ఉన్నవారికి ఓడీఎస్‌పీ మిగిలిన 468 డాలర్లు పూరిస్తుంది. వారసత్వం నేరుగా చేతికి వస్తే పింఛను భాగం కదలదు. ఆ 468 డాలర్లూ, దానితో పాటు మందుల సదుపాయమూ ప్రమాదంలో పడతాయి. కాబట్టి వీలునామా రాసేముందు అడగవలసిన మొదటి ప్రశ్న: ఆ బిడ్డకు వస్తున్నది ఏ భృతి?

నలభై వేల గీత

ఓడీఎస్‌పీ నియమాల ప్రకారం ఒంటరి వ్యక్తికి 40,000 డాలర్లు, దంపతులకు 50,000 డాలర్లు మించి ఆస్తి ఉండకూడదు. 2017కు ముందు ఈ పరిమితులు 5,000, 7,500 డాలర్లు మాత్రమే. నివసించే ఇల్లు, ప్రధాన వాహనం ఈ లెక్కలోకి రావు. మార్కమ్‌లో విడి ఇంటి విలువ పది లక్షల డాలర్లు దాటడం సామాన్యమే అయినా, అందులో ఉంటున్నంత కాలం అది ఆస్తి పరిమితికి అడ్డు కాదు. అమ్మితే వచ్చిన డబ్బు మాత్రం అడ్డవుతుంది.

వారసత్వంగా వచ్చిన సొమ్మును ఓడీఎస్‌పీ రెండుసార్లు చూస్తుంది. అందిన నెలలో ఆదాయంగా చూస్తుంది; మిగిలినదాన్ని తరువాతి నెల నుండి ఆస్తిగా లెక్కిస్తుంది. బహుమతులకు, స్వచ్ఛందంగా ఇచ్చిన సొమ్ముకు పన్నెండు నెలల్లో 10,000 డాలర్ల వరకు మినహాయింపు ఉంది. కెనడాలో వారసత్వపు పన్ను లేదు, వారసుడి పన్ను పత్రంలో ఆ సొమ్ము ఆదాయం కాదు. “పన్ను లేదు కాబట్టి చెప్పనక్కరలేదు” అనుకోవడం ఇక్కడే పొరపాటవుతుంది. పన్ను చట్టం, సంక్షేమ చట్టం ఆదాయం అనే మాటను వేరువేరుగా నిర్వచిస్తాయి. చెప్పకుండా ఉంచిన సొమ్ము తరువాత బయటపడితే, ఆ నెలలన్నిటి భృతిని అప్పుగా చూపి వెనక్కి రాబడతారు.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. తండ్రి మరణానంతరం ముప్పై నాలుగేళ్ళ కుమారుడికి 1,80,000 డాలర్లు నేరుగా అందాయి. అతనికి ఓడీఎస్‌పీ తప్ప వేరే ఆధారం లేదు. పరిమితి దాటిన మొత్తం 1,40,000. అతను ఏ ఏర్పాటూ చేయకపోతే భృతి ఆగిపోతుంది, వారసత్వం మీద బతకవలసి వస్తుంది. 2024 జూలై నాటి మొత్తం ప్రకారం ఆగిపోయిన భృతి ఏడాదికి 16,416 డాలర్లు. అంతే పొదుపుగా ఖర్చు పెట్టినా ఎనిమిదిన్నరేళ్ళలో ఆ 1,40,000 కరిగిపోతుంది. ఈలోగా మందుల ఖర్చు చేతి నుండి పెట్టుకోవాలి. చివరికి అతను మళ్ళీ దరఖాస్తు చేసుకుంటాడు. తండ్రి జీవితకాలపు పొదుపు అతని జీవితాన్ని ఏ కొంచెమూ మెరుగుపరచకుండా, ప్రభుత్వం ఇచ్చేదానికి బదులుగా ఖర్చయిపోతుంది. అతని స్థానంలో సీపీపీ పింఛను మాత్రమే పొందుతున్న సోదరి ఉంటే, అదే 1,80,000 ఆమె పింఛనుకు అదనంగా చేతిలో మిగులుతుంది.

ఈ రెండిటికీ మధ్య మూడో రకం భృతి ఇటీవల వచ్చింది. కెనడా డిసెబిలిటీ బెనిఫిట్ అనే ఈ సమాఖ్య భృతి 2025 జూలైలో మొదలైంది. మొదలైనప్పుడు ఇది నెలకు గరిష్ఠంగా 200 డాలర్లు. ఇది కుటుంబ ఆదాయాన్ని చూస్తుంది, ఆస్తిని చూడదు. కనుక వారసత్వపు అసలు మొత్తం దీన్ని తగ్గించదు. ఆ మొత్తం మీద వచ్చే వడ్డీ, అద్దె, మూలధన లాభం పన్ను పత్రంలో ఆదాయంగా చేరి తగ్గించవచ్చు.

హెన్సన్ తీర్పు

ఈ చిక్కుకు ఆంటారియో న్యాయస్థానాలే దారి చూపాయి. లెనార్డ్ హెన్సన్ అనే తండ్రి తన కుమార్తెకు ఆస్తిని నేరుగా ఇవ్వకుండా, ట్రస్టీల చేతిలో పెట్టాడు. ఆమెకు ఎప్పుడు, ఎంత ఇవ్వాలి, అసలు ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయాన్ని పూర్తిగా ట్రస్టీల విచక్షణకే వదిలాడు. ఆ నిధి ఆమె ఆస్తే అంటూ ప్రభుత్వం భృతిని నిరాకరించింది. ట్రస్టీలను బలవంతపెట్టి ఒక్క డాలరు కూడా రాబట్టుకోలేని వ్యక్తికి ఆ నిధి సొంత ఆస్తి కాదని 1987లో డివిజనల్ కోర్టు తేల్చింది. 1989లో ఆంటారియో అప్పీలు కోర్టు దాన్ని సమర్థించింది. అప్పటి నుండి ఇటువంటి ఏర్పాటును హెన్సన్ ట్రస్టు అంటున్నారు. 2019 జనవరిలో కెనడా సుప్రీం కోర్టు, వాంకూవర్ ప్రాంతపు అద్దె సహాయానికి సంబంధించిన కేసులో, ఇదే తర్కాన్ని ఆమోదించింది.

హెన్సన్ ట్రస్టులో ఎంత మొత్తం ఉన్నా ఓడీఎస్‌పీ ఆస్తి లెక్కలోకి రాదు. ట్రస్టీలు చేసే చెల్లింపులను మాత్రం చూస్తారు. వైకల్యానికి సంబంధించిన వస్తువులకు, సేవలకు చేసిన ఖర్చు ఆదాయం కాదు. మిగతా అవసరాలకు పన్నెండు నెలల్లో 10,000 డాలర్ల వరకు ఇవ్వవచ్చు. అది దాటితే ఆ నెల భృతి తగ్గుతుంది.

యాజ్ఞవల్క్యుడి నియమానికీ దీనికీ పైకి పోలిక కనిపిస్తుంది: యాజమాన్యం లేదు, పోషణ ఉంది. ఆ పోలికలోనే ఒక హెచ్చరిక కూడా ఉంది. పాత పద్ధతిలో వాటా లేని వ్యక్తి బతుకు అన్నదమ్ముల దయాదాక్షిణ్యాల మీద నడిచేది. హెన్సన్ ట్రస్టులో కూడా లబ్ధిదారు తన హక్కుగా ఏదీ అడగలేదు. అడగలేకపోవడమే ఆ ట్రస్టుకు రక్షణ. అందువల్ల ట్రస్టీ ఎంపికే ఇందులో కీలకం. సోదరుడే ట్రస్టీ, మిగిలిన నిధి చివరికి దక్కేదీ సోదరుడికే అయితే, ఖర్చు పెట్టని ప్రతి డాలరూ అతనిదే అవుతుంది. అతను ఎంత మంచివాడైనా ఇది అతన్ని ఇరుకున పెట్టే ఏర్పాటు. ఇద్దరు ట్రస్టీలను నియమించడం, ఒకరు కుటుంబం వెలుపలివారు కావడం, తల్లిదండ్రుల ఉద్దేశాన్ని వివరించే లేఖ జతచేయడం ఈ లోపాన్ని తగ్గిస్తాయి. అయినా పాత పద్ధతికీ దీనికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. ట్రస్టీ లబ్ధిదారు మేలు కోసం పనిచేయవలసిన చట్టబద్ధ బాధ్యత గలవాడు. దురుద్దేశంతో ప్రవర్తిస్తే కోర్టుకు జవాబు చెప్పాలి.

పన్ను విషయంలో కూడా జాగ్రత్త అవసరం. ట్రస్టులో మిగిలిన ఆదాయం మీద మామూలుగా అత్యధిక రేటున పన్ను పడుతుంది. వీలునామా ద్వారా ఏర్పడి, వైకల్య పన్ను మినహాయింపుకు అర్హత పొందిన లబ్ధిదారు ఉన్న ట్రస్టు, అర్హ వైకల్య ట్రస్టుగా నమోదయితే 2016 నుండి వ్యక్తుల మాదిరిగా మెట్ల రేట్లే వర్తిస్తాయి. ఒక లబ్ధిదారుకు ఏటా ఇటువంటి ట్రస్టు ఒక్కటే ఉండాలి. అమ్మ వీలునామాలో ఒకటి, తాత వీలునామాలో మరొకటి ఉంటే రెండిటికీ ఈ సదుపాయం దొరకదు.

వీలునామాను దాటిపోయే ఆస్తులు

జాగ్రత్తగా హెన్సన్ ట్రస్టు రాయించుకున్న కుటుంబాలు కూడా ఒకచోట పొరబడుతుంటాయి. ఆర్‌ఆర్‌ఎస్‌పీ ఖాతా, జీవిత బీమా, ఉద్యోగం ద్వారా వచ్చిన సామూహిక బీమా వంటివాటిలో నామినీ పేరు రాసి ఉంటే, ఆ సొమ్ము వీలునామాతో నిమిత్తం లేకుండా నేరుగా నామినీకి వెళుతుంది. ఇరవై ఏళ్ళ క్రితం ఉద్యోగంలో చేరిన రోజున “పిల్లలందరికీ సమానంగా” అని నింపిన ఒక పత్రం, నిన్న రాయించిన వీలునామా ఉద్దేశాన్ని దెబ్బతీయగలదు.

అసలు వీలునామాయే లేకుంటే ఆంటారియో చట్టమే పంచుతుంది. 2021 మార్చి 1 తరువాతి మరణాల్లో భార్యకు లేదా భర్తకు మొదటి 3,50,000 డాలర్లు పోగా, మిగిలినదానిలో ఒక బిడ్డ ఉంటే సగం, ఎక్కువమంది ఉంటే మూడింట రెండు వంతులు పిల్లలకు చేరతాయి. ఆ వాటా ట్రస్టుకు కాక, నేరుగా బిడ్డ చేతికే వస్తుంది. భృతి పోతుందన్న భయంతో ఆ బిడ్డకు ఏమీ రాయకుండా మానేయడం కూడా పరిష్కారం కాదు. ఆధారపడి జీవించే సంతానానికి తగిన ఏర్పాటు చేయకపోతే, ఆస్తి నుండి పోషణ కోరుతూ కోర్టుకు వెళ్ళే హక్కు చట్టంలో ఉంది. అందుబాటులో ఉన్న ఆర్థిక వనరులను సాధించుకోవడానికి ప్రయత్నించమని ఓడీఎస్‌పీ అడగగలదు కూడా.

డబ్బు చేతికి వచ్చాక

ముందస్తు ఏర్పాటు లేకుండా వారసత్వం వచ్చినంత మాత్రాన అంతా చేజారినట్లు కాదు. మొదటి మార్గం, వారసత్వపు సొమ్ముతో లబ్ధిదారు తానే పెట్టుకునే ట్రస్టు. దీనికి 1,00,000 డాలర్ల వరకు మినహాయింపు ఉంది. రెండవది రిజిస్టర్డ్ డిసెబిలిటీ సేవింగ్స్ ప్లాన్, అంటే ఆర్‌డీఎస్‌పీ. 2008లో మొదలైన ఈ ఖాతాలో జీవితకాలంలో 2,00,000 డాలర్ల వరకు జమ చేయవచ్చు. అందులో ఉన్న మొత్తాన్ని ఓడీఎస్‌పీ ఆస్తిగా చూడదు, అందులోంచి తీసుకున్నదాన్ని ఆదాయంగా చూడదు. సమాఖ్య ప్రభుత్వం తన వంతుగా గ్రాంటు రూపంలో జీవితకాలానికి 70,000 డాలర్ల వరకు, అల్పాదాయం ఉన్నవారికి బాండు రూపంలో మరో 20,000 వరకు కలుపుతుంది. ఇవి 49 ఏళ్ళు నిండే సంవత్సరాంతం వరకే లభిస్తాయి. జమ చేయడానికి గడువు 59 ఏళ్ళు నిండే సంవత్సరాంతం. ప్రభుత్వ సొమ్ము చేరిన పదేళ్ళలోపు డబ్బు తీస్తే, తీసిన ప్రతి డాలరుకు మూడు డాలర్ల వరకు ప్రభుత్వానికి తిరిగి ఇవ్వవలసి రావచ్చు. ఖాతా తెరవడానికి వైకల్య పన్ను మినహాయింపు ధ్రువీకరణ తప్పనిసరి.

పై ఉదాహరణలోని కుమారుడికి ఈ రెండూ తెలిసి ఉంటే, 80,000 డాలర్లు ఆర్‌డీఎస్‌పీలో, 80,000 డాలర్లు ట్రస్టులో పెట్టి, మిగిలిన 20,000 తన పేర ఉంచుకునేవాడు. భృతి నిలిచేది. అయితే ఈ పనులు సకాలంలో జరగాలి. సొమ్ము అందిన వెంటనే ఓడీఎస్‌పీ అధికారికి రాతపూర్వకంగా తెలిపి, ట్రస్టు లేదా ఆర్‌డీఎస్‌పీ ఉద్దేశం ముందే చెప్పి, నెలల తరబడి జాప్యం చేయకుండా పూర్తి చేయాలి. భృతి తగ్గిస్తూ నిర్ణయం వస్తే ముప్పై రోజుల్లో అంతర్గత సమీక్ష కోరవచ్చు. ఆ తరువాత సోషల్ బెనిఫిట్స్ ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవచ్చు. తక్కువ ఆదాయం గలవారికి యార్క్ రీజియన్ కమ్యూనిటీ లీగల్ క్లినిక్, టొరంటోలోని ఆర్చ్ డిసెబిలిటీ లా సెంటర్ వంటి సంస్థలు తోడ్పడతాయి.

ఆంధ్రదేశం నుండి వచ్చే వాటా

తెలుగు కుటుంబాల్లో ఈ సమస్యకు మరో కోణం ఉంది. మార్కమ్‌లో ఉన్న తల్లిదండ్రులు అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా, గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న తాతగారి ఆస్తి వేరే దారిలో రావచ్చు. తండ్రి ముందే మరణించి ఉంటే, వీలునామా రాయని తాతగారి ఆస్తిలో మనుమడు మొదటి తరగతి వారసుడు. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెలకు సమాన హక్కును ఆంధ్రప్రదేశ్ సవరణ 1980ల్లోనే ఇచ్చింది, 2005 సవరణ దేశమంతటికీ విస్తరించింది. కనుక కూతుళ్ళకూ ఇదే పరిస్థితి. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు సాగుభూమిని కొనలేకపోయినా వారసత్వంగా పొందగలరు.

ఆస్తి భారతదేశంలో ఉన్నంత మాత్రాన ఓడీఎస్‌పీకి అది కనపడనిది కాదు. వ్యాజ్యంలో ఉండి, లేదా పంపకం కాక, అమ్మడానికి వీలులేని వాటాను వెంటనే చేతిలోని ఆస్తిగా చూడరు. దాన్ని తెలియజేయవలసిన బాధ్యత మాత్రం మొదటి రోజు నుండే ఉంటుంది. ఇక్కడ మన అలవాటు ఒకటి చిక్కు తెస్తుంది. అన్నదమ్ముల పేర హక్కు విడుదల పత్రం రాసి ఇవ్వడం మన ఇళ్ళలో సర్వసాధారణం. ఓడీఎస్‌పీ పొందుతున్న వ్యక్తి తగిన ప్రతిఫలం లేకుండా తన వాటాను వదులుకుంటే, ఆ ఆస్తి ఉన్నట్టే భావించి భృతి తగ్గించే లేదా నిలిపే అధికారం ఆంటారియో నియమాల్లో ఉంది. వాటా పోతుంది, భృతీ పోతుంది. దీనికి సరైన మందు తాతగారు బతికి ఉండగానే రాసే వీలునామా. మనుమడి పేర నేరుగా రాయకుండా, కెనడాలో అతని కోసం ఏర్పడిన విచక్షణ ట్రస్టుకు చెందేలా రాయవచ్చు. రెండు దేశాల న్యాయవాదులూ ఆ వాక్యాన్ని చూసి ఒప్పుకోవాలి.

ఇతర దేశాల్లో కూడా ఈ విభజన ఇదే తీరుగా కనిపిస్తుంది. అమెరికాలో చందాల మీద ఆధారపడిన ఎస్‌ఎస్‌డీఐకి వారసత్వంతో సంబంధం లేదు. అవసరాన్ని చూసి ఇచ్చే ఎస్‌ఎస్‌ఐకి ఒంటరి వ్యక్తి ఆస్తి పరిమితి 1989 నుండి 2,000 డాలర్ల వద్దే ఉంది. బ్రిటన్‌లో యూనివర్సల్ క్రెడిట్ 16,000 పౌండ్ల పొదుపు దాటితే ఆగిపోతుంది. చందాల మీద వచ్చే ఈఎస్‌ఏకు ఆ నియమం లేదు. పేర్లు, అంకెలు మారినా మొదట అడగవలసిన ప్రశ్న ఒక్కటే.

తల్లిదండ్రులు పిల్లల మధ్య సమానత్వం పాటించాలనుకోవడం సహజం. వాటాలు సమానంగా ఉంటే న్యాయం జరిగినట్టేనన్న భావన మన చట్టాలు ఎంతో కాలానికి సాధించిన విలువ కూడా. వైకల్య భృతి మీద ఆధారపడిన బిడ్డ విషయంలో సమానత్వానికి కొలత, వీలునామా చదివిన రోజున చేతికి వచ్చే మొత్తం కాదు. ఇరవై ఏళ్ళ తరువాత ఆ బిడ్డకు మిగిలి ఉండే భద్రత. వీలునామా, బీమా నామినీ పత్రం, ఊళ్ళో పెద్దల ఆస్తి వివరాలు – ఈ మూడింటినీ ఒకే బల్ల మీద పెట్టి చూడగలిగే సమయం తల్లిదండ్రులు బతికి ఉన్నప్పుడు మాత్రమే దొరుకుతుంది.